కాలేజీ మారితే... డాక్టరు సీటు ఎక్కడ?

ఇంటర్ మొదటి ఏడాది అయిపోయింది. రెండో ఏడాది ఇక్కడే చదివించాలా, హైదరాబాదో కోటానో పంపాలా? బైపీసీ పిల్లలున్న విశాఖ ఇళ్లల్లో ఏటా వేసవిలో ఇదే చర్చ. కాలేజీ మారడమంటే హాస్టలు గది, ఫీజు రసీదు మారడమే కాదు. చదివిన పాఠాలు, చదవాల్సిన పాఠాలు, చివరికి ‘మీరు స్థానికులేనా’ అన్న ప్రశ్నకు జవాబు కూడా మారిపోవచ్చు!

ఉక్కునగరంలో ఓ క్వార్టరు అనుకుందాం. బి షిఫ్టు ముగించుకుని రాత్రి పదిన్నరకు ఇల్లు చేరిన నాన్న ఇంకా చెప్పులైనా విప్పలేదు.

‘‘ఏమండీ, మా అన్నయ్య వాళ్లబ్బాయిని కోటా పంపుతున్నారట. మన పాపను కూడా పంపేద్దామా?’’ అంటుంది అమ్మ.

‘‘రెండో ఏడాదిలో ఇప్పుడు కాలేజీ మారిస్తే ఎలాగే?’’ అంటాడాయన.

లోపలి గదిలో పుస్తకం ముందు కూర్చున్న పాప మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. ఆమెకు తెలుసు... తను ఇక్కడ నేర్చుకున్నదేమిటో, అక్కడ అప్పటికే చెప్పేసిన పాఠాలేమిటో ఎవరూ అడగడం లేదని.

గాజువాకలో, ఎంవీపీ కాలనీలో, మధురవాడలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. విశాఖ తీరే అంత. పోర్టు, స్టీలుప్లాంటు, నౌకాదళం, రైల్వే, చమురుశుద్ధి కర్మాగారం... బదిలీ కాగితాలు వచ్చే ఉద్యోగాలే ఎక్కువ. ఊళ్లు మారడం ఇక్కడి పిల్లలకు కొత్తేం కాదు. కానీ ఏడో తరగతిలో ఊరు మారడం వేరు, డాక్టరు కావాలనుకుని ఇంటర్‌లో మారడం వేరు. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఊరి నడిబొడ్డున కేజీహెచ్ పక్కనే ఉంది. అందులో 250 ఎంబీబీఎస్ సీట్లున్నాయి. ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లే పిల్లకు కూడా ఆ సీటు దగ్గరవుతుందో దూరమవుతుందో, ఇంటర్ ఎక్కడ చదివిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

నాలుగేళ్ల లెక్క

ముందు అందరూ మరిచిపోయే సంగతి చూద్దాం. సిలబస్ వెనకబడితే రాత్రింబవళ్లు కూర్చుని అందుకోవచ్చు. స్థానికత పోతే మాత్రం ఎంత చదివినా తిరిగి రాదు.

1973లో 32వ సవరణతో రాజ్యాంగంలోకి 371-డి అధికరణం వచ్చింది. దాని ఆధారంగా 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు విద్యాసంస్థల ప్రవేశాలకు రాష్ట్రాన్ని ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విడదీశాయి. 85 శాతం సీట్లు ఆ ప్రాంతం వారికి, 15 శాతం ఎవరికీ ప్రత్యేకించనివి. విశాఖ ఆంధ్రా ప్రాంతంలోకి వస్తుంది. మరి స్థానికులంటే ఎవరు? పుట్టిన ఊరు కాదు, రేషన్‌కార్డూ కాదు. అర్హత పరీక్ష, అంటే ఇంటర్ రెండో ఏడాది మొదటిసారి రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారు. వేళ్ల మీద లెక్కపెడితే... తొమ్మిది, పది, ఇంటర్ ఒకటి, ఇంటర్ రెండు. ఈ నాలుగింట్లో ఒకటి తెగినా గొలుసు తెగినట్టే.

అలా తెగినవాళ్లకు ఆ ఉత్తర్వుల్లోనే ఇంకో తాడు ఉంది. వరుసగా ఏడేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఏ ప్రాంతంలో చదివారో ఆ ప్రాంతం వారిగా చూస్తారు. ఉదాహరణకు ఆరు నుంచి పది వరకు గాజువాకలో చదివి, ఇంటర్ తిరుపతిలో చేసిన అమ్మాయి ఉంది. ఏడేళ్లలో ఐదు ఇక్కడ, రెండు అక్కడ. ఈ లెక్కన ఆమె ఆంధ్రా ప్రాంతం అమ్మాయే. అదే అమ్మాయి ఇంటర్‌కి కోటా వెళ్లిందనుకోండి... నాలుగేళ్ల లెక్కా కుదరదు, ఏడేళ్ల లెక్కా కుదరదు.

హైదరాబాద్ సంగతి మరీ తిరకాసు. ఒకప్పుడు అది మన రాజధాని. 2014 విభజన చట్టం పదేళ్లపాటు పాత ప్రవేశాల పద్ధతినే కొనసాగించమంది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం జీవో 33 ఇచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్లూ తెలంగాణలో చదివితేనే అక్కడి స్థానికులంది. ఇంటర్ కోచింగ్ కోసం విజయవాడ వచ్చిన ఖమ్మం, నల్గొండ పిల్లల గుండెల్లో రాయి పడింది. పుట్టి పెరిగింది తెలంగాణలోనే అయినా, ఆ రెండేళ్లూ పొరుగు రాష్ట్రంలో చదవడంతో సొంత రాష్ట్రంలోనే స్థానికేతరులయ్యారు. వాళ్లు హైకోర్టుకు వెళ్లారు, ఊరట దొరికింది. కథ అక్కడితో ఆగలేదు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న రాష్ట్ర ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. వాళ్లలో ఎవరూ తప్పు చేయలేదు. మంచి కాలేజీ ఎక్కడుందని వెతికారంతే.

విశాఖ నుంచి హైదరాబాద్ పంపాలనుకునే వాళ్లకు ఇది అద్దంలో కనిపించే బొమ్మ. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏటా ఇచ్చే ప్రాస్పెక్టస్‌లో స్థానికత పేరా ఒకటి ఉంటుంది. ఫీజుల పేజీ కన్నా ముందు చదవాల్సింది ఆ పేరానే. పక్కింటివాళ్ల అబ్బాయికి మూడేళ్ల కిందట సీటొచ్చిందని చెప్పే కబుర్లు ఇక్కడ పనికిరావు. నిబంధనలు మారుతున్నాయి.

మరి నౌకాదళంలో పనిచేసే వారి పిల్లల మాటేమిటి? కొచ్చిలో ఎనిమిది, ముంబైలో తొమ్మిది, విశాఖ కేంద్రీయ విద్యాలయంలో పదకొండు... నాలుగేళ్ల గొలుసు ఎక్కడ కలుస్తుంది? ఇలాంటి వాళ్ల కోసమే 1979లో వచ్చిన జీవో 646లో ఆ 15 శాతం సీట్ల తలుపు కొంచెం తెరిచారు. రాష్ట్రంలో పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల పిల్లలు ఆ సీట్లకు పోటీ పడవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు రాష్ట్రంలో నివసించినా సరే. దానికి తగ్గ ధ్రువపత్రాలు కావాలి. సాయుధ దళాల సిబ్బంది పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. ఆలిండియా కోటా సీట్లకైతే ఈ స్థానికత గొడవే లేదు, దేశమంతటితోనూ పోటీ పడాలి.

ఇంకో మంచి కబురు. లెక్క ఆగేది ఇంటర్ మొదటిసారి రాసిన ఏడాదితోనే. అంటే ఇంటర్ ఇక్కడ పూర్తిచేసి, ఆ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు ఎక్కడికి వెళ్లినా నాలుగేళ్ల గొలుసుకు ఢోకా లేదు. కోటా మీద అంత మోజు ఉంటే అప్పుడు పంపినా మునిగిపోయేదేం లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఏడాది ముందే రైలెక్కించేవాళ్లు కొందరు.

ఏ పాఠం ఎక్కడ మిస్సయింది?

ఇక చదువు. నీట్‌లో మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90. అంటే సగం బరువు జీవశాస్త్రానిదే. కాలేజీ మారేటప్పుడు ఎక్కువగా చిల్లులు పడేదీ అక్కడే.

ఎందుకో చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2012-13 నుంచి వచ్చిన ఇంటర్ పుస్తకాల్లో మానవ శరీర ధర్మశాస్త్రం... అదే జీర్ణక్రియ, శ్వాసక్రియ, రక్తప్రసరణ, మూత్రపిండాలు, నాడీ వ్యవస్థ... రెండో ఏడాది జంతుశాస్త్రంలో ఉండేది. కిరణజన్య సంయోగక్రియ వంటి మొక్కల ధర్మాలూ రెండో ఏడాదే. సీబీఎస్‌ఈలో ఇవన్నీ పదకొండో తరగతి పాఠాలు. జీవావరణశాస్త్రం దీనికి తిరగబడి ఉంటుంది. మన పుస్తకాల్లో మొదటి ఏడాది, వాళ్లకు పన్నెండో తరగతి. పుష్పించే మొక్కల్లో లైంగిక ప్రత్యుత్పత్తి కూడా అంతే.

ఇప్పుడు ఊహించండి. ఆ పుస్తకాలతో ఇంటర్ మొదటి ఏడాది చదివిన పిల్ల, సీబీఎస్‌ఈ వరసలో పాఠాలు నడిపే కోచింగ్‌లో రెండో ఏడాది చేరింది. అక్కడి మాస్టారు గుండె, ఊపిరితిత్తుల పాఠం నిరుడే చెప్పేశారు. ఈమె ఇంకా వినలేదు. జీవావరణం మాత్రం రెండోసారి వింటోంది! నీట్‌లో శరీర ధర్మశాస్త్రం నుంచి వచ్చే ప్రశ్నలు తక్కువేం కాదు. కేంద్రీయ విద్యాలయంలో పదకొండు చదివి ఇంటర్ రెండో ఏడాదికి వచ్చిన అబ్బాయికి సరిగ్గా దీనికి వ్యతిరేకం. గుండె పాఠం రెండుసార్లు, జీవావరణం ఒక్కసారీ లేదు. రెండు చోట్లా అటెండెన్సు నిండుగా ఉంటుంది, ప్రోగ్రెసు కార్డులో ఎక్కడా ఈ చిల్లు కనబడదు. నీట్ పేపరు ముందు కూర్చున్నప్పుడే బయటపడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెచ్చారు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిపి జీవశాస్త్రంగా ఒకే పేపరు చేశారు. దాంతో ఈ అంతరం చాలావరకు తగ్గే దారి పడింది. అయినా చిక్కు పూర్తిగా పోలేదు. ఒకే పుస్తకమైనా అన్ని కాలేజీలూ ఒకే వరసలో చెప్పవు. ఒకచోట సంక్రాంతికి కర్బన రసాయనం ముగిస్తే, ఇంకోచోట అప్పుడే మొదలుపెడతారు. పాత పుస్తకాలతో మొదటి ఏడాది చదివి, మధ్యలో ఆగి, కొత్త పుస్తకాల బ్యాచ్‌తో కలిసే పిల్లలకు ఇంకా గజిబిజి.

దీనికి మందు పెద్ద ఖరీదైందేమీ కాదు. ఒక తెల్లకాగితం, ఒక పెన్ను. నీట్ సిలబస్‌లోని అధ్యాయాల పేర్లన్నీ ఒక వరసలో రాసుకోవాలి. పక్కన మూడు గడులు. పాత కాలేజీలో చెప్పింది, కొత్త కాలేజీలో ఇప్పటికే చెప్పేసింది, ఇక చెప్పబోయేది. మూడు గడులూ ఖాళీగా ఉన్న పేర్లేవైనా కనిపిస్తే అవి ఇక పిల్లలు సొంతంగా చదువుకోవాల్సినవే. పాత కాలేజీ చెప్పకముందే కొత్త కాలేజీ చెప్పేసినవీ ఆ జాబితాలోకే. వాటికి వేసవి సెలవులు సరిపోతాయా, ట్యూషన్ పెట్టించాలా అన్నది అడ్మిషన్ ఫీజు కట్టకముందే తేలాలి. కొత్త కాలేజీలో పీఆర్వోని కాదు, బయాలజీ చెప్పే లెక్చరర్‌ని అడిగితే ఈ కాగితం పది నిమిషాల్లో నిండుతుంది. లెక్చరర్‌ని కలవనివ్వని కాలేజీ అయితే... అదీ ఒక జవాబే.

తలుపులు కొన్ని మూసే ఉంటాయి

ఏ బోర్డు నుంచి ఏ బోర్డుకైనా మారిపోవచ్చనుకుంటే పొరపాటు. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల్ని కలిపి ఒకే రెండేళ్ల కోర్సుగా చూస్తుంది. పదకొండు కూడా ఆ బోర్డు బడిలోనే చదివి ఉండాలి. ఇంటర్ మొదటి ఏడాది అయ్యాక నేరుగా పన్నెండులో చేరే దారి లేదు. మళ్లీ పదకొండు అంటే ఏడాది నష్టం. ఇంటర్‌లో అయితే ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి రెండో ఏడాది మారడం బోర్డు అనుమతితో కుదిరే పనే. వేరే బోర్డు నుంచి వచ్చేవాళ్లు మాత్రం అర్హత, మొదటి ఏడాది మార్కుల సంగతి బోర్డు ప్రాంతీయ కార్యాలయంలో ముందే తేల్చుకోవాలి.

మొదటి ఏడాది మార్కులంటే చిన్నచూపు వద్దు. చాలాకాలం నడిచిన పద్ధతిలో బైపీసీ వెయ్యి మార్కుల్లో 440 మొదటి ఏడాదివే. ర్యాంకు నీట్‌తోనే అయినా, ఎంబీబీఎస్‌కు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు పాసై ఉండాలి. ఇంగ్లిషు పాసవ్వాలి. ప్రాక్టికల్స్ రెండో ఏడాదిలోనే గనక, మారేటప్పుడు రికార్డు పుస్తకాలు పాత కాలేజీ బీరువాలో వదిలేసి రాకూడదు.

బడికి వెళ్లకుండా పేరు మాత్రం రిజిస్టర్లో ఉండే ‘డమ్మీ’ స్కూళ్ల గురించి అందరికీ తెలుసు. సీబీఎస్‌ఈ 2024లో ఢిల్లీ, రాజస్థాన్‌లలో ఆకస్మిక తనిఖీలు చేసి, ఆ నవంబరులో 21 బడుల గుర్తింపు రద్దుచేసింది. హాజరు 75 శాతం ఉండాలన్నది ఆ బోర్డు నియమం. అలాంటి బడిలో చేరితే పిల్ల హాజరు కాగితం మీద చెల్లుతుందా, బడే నిలబడుతుందా అన్న భయం రెండేళ్లూ వెంటాడుతుంది.

అసలు బైపీసీ తీసుకోకుండానే డాక్టరు కావాలని ఆలస్యంగా తోచినవాళ్లకు మాత్రం ఓ కిటికీ తెరుచుకుంది. ఇంటర్ పాసయ్యాక అదనపు సబ్జెక్టుగా బయాలజీ రాసినా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరు 22న ప్రకటించింది. ఎంపీసీ పూర్తిచేసి, ఇంజినీరింగ్ వద్దనుకున్న పిల్లలకు ఇది పెద్ద ఊరట. ఏపీలో 2025-26లో ఎంబైపీసీ అని లెక్కలూ బయాలజీ రెండూ కలిపి చదివే వీలూ కల్పించారు. రెండు పడవల ప్రయాణమే అయినా, పదిహేనేళ్లకే దారి తేల్చుకోలేని పిల్లలకు అది తప్పేం కాదు.

సముద్రం దాటితే...

మన పిల్లలు ‘ప్రీమెడ్’ అనే మాట మొదట విన్నది ఎక్కువగా ఫిలిప్పీన్స్ వల్లే. అక్కడ ముందు బీఎస్ అనే ప్రీమెడికల్ కోర్సు, ఆ తర్వాత నాలుగేళ్ల ఎండీ. తెలుగు రాష్ట్రాల నుంచి చాలామంది ఈ దారిన వెళ్లారు. 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. విదేశీ వైద్య కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, చదువంతా ఒకే సంస్థలో సాగాలి అంది. నాలుగేళ్ల ఎండీ అంటే 48 నెలలే! ప్రీమెడ్ కలిపితే సరిపోతుందిగా అనుకున్నవాళ్లకు దిమ్మతిరిగింది. ప్రీమెడ్‌ను వైద్యవిద్యగా లెక్కించలేదు. అప్పటికే వైద్యకోర్సులో ఉన్నవాళ్లకు కొత్త నిబంధన వర్తించలేదు గానీ, బీఎస్‌లో ఉండి ఎండీ గడప తొక్కనివాళ్ల పరిస్థితి కొన్నాళ్లపాటు ఎటూ తేలక నలిగింది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం. బంకర్ల నుంచి బయటపడి విశాఖ విమానాశ్రయంలో దిగిన పిల్లలను తల్లులు హత్తుకుని ఏడ్చారు. ఆ తర్వాతే అసలు ప్రశ్న. ఇక్కడి కాలేజీల్లో చేర్చుకుంటారా? అలాంటి నిబంధన లేదన్నారు. ఒక దేశపు కాలేజీలో చదివిన సగాన్ని ఇంకో దేశపు కాలేజీలో అతికించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది. మన దేశంలోనే ఒక మెడికల్ కాలేజీ నుంచి మరోదానికి మారే దారిని కూడా 2023 నిబంధనలతో కమిషన్ మూసేసింది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లల కష్టాలు ఇంకో రకం. అక్కడ ముందు డిగ్రీ, ఆ తర్వాతే వైద్యం. ఖర్చు తగ్గుతుందని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారతారు కొందరు. జీవశాస్త్రం, రసాయనం, కర్బన రసాయనం, భౌతికశాస్త్రం... అన్నీ ల్యాబులతో సహా పూర్తిచేయాలి. కర్బన రసాయనంలో మొదటి భాగం ఒకచోట, రెండో భాగం ఇంకోచోట చదివితే మధ్యలో కొంత జారిపోతుందని అక్కడి సలహాదారులు హెచ్చరిస్తారు. మెడికల్ కాలేజీకి దరఖాస్తు చేసేటప్పుడు, చదివిన ప్రతి కాలేజీ మార్కుల పత్రమూ పంపాల్సిందే. ఒక్క వేసవి కోర్సు చేసిన చోటుదైనా సరే. గాజువాక పిల్లకూ న్యూజెర్సీ పిల్లకూ చివరికి కావాల్సింది ఆ మూడు గడుల కాగితమే!

ముందు ఫైలు సర్దండి

ఏపీలో 2025 నుంచి రెండో ఏడాది క్లాసులు ఏప్రిల్‌లోనే మొదలుపెడుతున్నారు. వేసవి సెలవులన్నీ ఆలోచించుకుని జూన్‌లో మారే రోజులు పోయాయి. మార్చిలో పరీక్షలు రాస్తుండగానే నిర్ణయం జరిగిపోవాలి. మరి మార్కులు చూడకుండా ఎలా అంటారా? మార్కులు చూసి మారేవాళ్ల కన్నా, ‘ఇక్కడ నాకు భౌతికశాస్త్రం అర్థం కావడం లేదు నాన్నా’ అని పిల్ల నోరువిప్పి చెప్పినప్పుడు మారేవాళ్లకే కారణం గట్టిగా ఉంటుంది. హాస్టలు తిండి పడక, స్నేహితులు లేక, నిద్రపట్టక బాధపడే పిల్లను మార్చడానికి సిలబస్ పట్టిక అక్కర్లేదు. ఏడాది పోయినా సరే, ఇంటికి తెచ్చేసుకోవాలి.

మారాలనే తేలితే, పాత కాలేజీకి వెళ్లిన రోజే అన్నీ తెచ్చుకోవాలి. టీసీ, స్టడీ సర్టిఫికెట్, కాండక్ట్ సర్టిఫికెట్, మొదటి ఏడాది మార్కుల మెమో, రికార్డులు, కట్టిన ఫీజు రసీదులు. మిగతా ఫీజు కడితేనే కాగితాలిస్తామనే చోట, ఏ మొత్తానికి ఏ కాగితం ఇస్తారో రాతపూర్వకంగా అడగడం మంచిది. కౌన్సెలింగ్ నాటికి అడిగేది ఇంటర్ స్టడీ సర్టిఫికెట్ ఒక్కటే కాదు. ఆరో తరగతి నుంచి చదివిన ప్రతి బడిదీ కావాలి. ఊళ్లు మారిన కుటుంబాల్లో ఏడో తరగతి బడి ఎక్కడుందో, ఇంకా ఉందో మూతపడిందో తెలియనివాళ్లుంటారు. నీట్ ఫలితాలు వచ్చాక ఆ కాగితం కోసం శ్రీకాకుళమో జయపురమో పరుగెత్తడం కన్నా, ఈ వేసవిలోనే ఓ ఆదివారం అటు వెళ్లి బంధువులనూ చూసి, సోమవారం పొద్దున్నే బడి గుమస్తాను కలిసి తెచ్చుకుంటే సరిపోతుంది.